బడిలో ఒక పిల్లకి ఒక పెద్ద తోడు: మెంటరింగ్ ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

హైస్కూల్లో బడి మానేసే పిల్లలు ఒక్కరోజులో మానరు. ముందు సోమవారాలు పోతాయి. తర్వాత సంత రోజులు. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం కాగానే బ్యాగుతో సహా వెళ్లిపోవడం మొదలవుతుంది. చివరికి పత్తి ఏరడానికో, మేస్త్రి వెంట ఇసుక మోయడానికో, చెల్లిని చూసుకోవడానికో పూర్తిగా ఆగిపోతారు. ఇదంతా హాజరు పట్టీలో నెలల ముందే కనిపిస్తుంది. ఇంటివాళ్లూ, టీచర్లూ కాని ఇంకో పెద్ద మనిషి ఆ సమయంలో వారానికోసారి బడికొచ్చి ఆ పిల్ల పక్కన కూర్చోవడమే మెంటరింగ్.

రిటైరైన ఉద్యోగులు, ఆ బడిలోనే చదివిన పూర్వ విద్యార్థులు, డ్వాక్రా సంఘం లీడర్లు, బ్యాంకులోనో సచివాలయంలోనో పనిచేసేవాళ్లు, ఎవరైనా చేయొచ్చు. పెద్దగా డబ్బు అక్కర్లేదు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా అదే మనిషి, అదే రోజు, అదే టైముకి రావాలి. అంతవరకూ మాట ఇవ్వలేనివాళ్లు మొదలుపెట్టకూడదు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ 1904 నుంచి ఈ పని చేస్తోంది. అక్కడి జోడీలను, అంటే ఒక మెంటరూ ఒక పిల్లా కలిసిన జంటలను, పరిశీలించి గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది, అంతకు మించి సాగిన జోడీల్లో పిల్లలకు అందరికంటే ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జోడీల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ముందుకంటే తగ్గింది. అంటే సగంలో వదిలేసే మెంటర్ వల్ల నష్టమే జరుగుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ అల్లినవే.

మొదటి అడుగు: బడి అనుమతి, ఒక బాధ్యుడు

హెచ్‌ఎం గారికి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఎంతమంది మెంటర్లు వస్తారు, ఏ రోజు, ఎంతసేపు, ఎక్కడ కూర్చుంటారు, ఎవరు బాధ్యులు అన్నవి అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే పాఠశాల యాజమాన్య కమిటీ, తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో పెట్టి తీర్మానం రాయించండి. హెచ్‌ఎం బదిలీ అయితే పని ఆగకుండా కాపాడేది ఈ తీర్మానమే. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి కూడా ఒక కాపీ ఇవ్వండి.

సమన్వయం చేసే మనిషి ఒకరే ఉండాలి. హెచ్‌ఎంని పెట్టొద్దు, వాళ్లకు తీరిక ఉండదు. వారానికి రెండు మూడు గంటలు పెట్టగల ఒక టీచరో, ఊళ్లోని రిటైర్డ్ సారో అయితే నడుస్తుంది. మెంటర్లకు పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడటం ఈ మనిషి ముఖ్యమైన పని. ఆ ఫోన్లు ఆగిపోయిన చోట దసరా సెలవుల తర్వాత సగం మంది మెంటర్లు తిరిగి రారు.

మొదటి ఏడాది ఆరు నుంచి ఎనిమిది జోడీలతో మొదలుపెట్టండి. ఒక పెద్దకి ఒకే పిల్ల. బాగా అనుభవం ఉన్నవాళ్లయితే ఇద్దరు. నలభై మందికి పదిమంది అని లెక్క వేసుకుంటే అది ట్యూషన్ అవుతుంది, లేకపోతే ప్రసంగం అవుతుంది.

రెండో అడుగు: పిల్లలను గుర్తించడం

గత మూడు నెలల హాజరు పట్టీలు ముందేసుకుని ఆరు నుంచి తొమ్మిది తరగతుల పేర్లు చూడండి. జబ్బు కారణం లేకుండా నెలలో ఐదు రోజులు, అంతకు మించి మానేసిన పేర్ల పక్కన చుక్క పెట్టండి. తర్వాత వారంలో ఏ రోజుల్లో మానేశారో చూడండి. ఎప్పుడూ అదే రోజు అయితే ఇంట్లో పని ఉందని అర్థం. పరీక్షల రోజుల్లోనే మానేస్తుంటే చదవడం రాదేమో అనుమానించండి.

పట్టీలో కనపడని సంగతులు ఇంకొందరికి తెలుసు. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మని అడగండి: రెండోసారి అన్నం అడిగేది ఎవరు, ఇంటికి కట్టుకుపోయేది ఎవరు అని. పీఈటీ సార్‌ని అడగండి. వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు, నానమ్మ దగ్గర ఉంటున్నవాళ్లు, తల్లి లేదా తండ్రి పోయినవాళ్లు, తాగుడున్న ఇంటి పిల్లలు, క్లాసుకంటే రెండేళ్లు పెద్దవాళ్లు, తొమ్మిదిలో ఉండగానే సంబంధాలు చూస్తున్నారని వినపడిన ఆడపిల్లలు, ఉన్నట్టుండి మాటలు తగ్గించేసినవాళ్లు. అల్లరి చేసేవాళ్ల పేర్లు టీచర్లే ముందు చెబుతారు. వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే పిల్లని మీరే వెతకాలి.

ఈ జాబితా నోటీసు బోర్డు మీదకీ వాట్సాప్ గ్రూపులోకీ వెళ్లకూడదు. 'వీక్ స్టూడెంట్స్ ప్రోగ్రాం' అన్న పేరు పెడితే ఆ పిల్లలు రెండో వారమే మానేస్తారు. 'బుధవారం గ్రూపు' లాంటి మామూలు పేరు చాలు. చదువులో బాగానే ఉన్న ఒకరిద్దరు పిల్లలను కూడా కలపండి, అప్పుడు ముద్ర పడదు.

తల్లిదండ్రుల అంగీకారం కాగితం మీద ఉండాలి. తెలుగులో అర పేజీ రాసి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. పిల్లనీ అడగండి. వద్దంటే వద్దు. బలవంతం చేయకుండా, మళ్లీ రావాలనిపిస్తే రావచ్చని చెప్పి వదిలేయండి.

మూడో అడుగు: మెంటర్లను ఎంచుకోవడం

మంచివాళ్లే వస్తారని అనుకోవడం దగ్గరే ఎక్కువ చోట్ల పొరపాటు జరుగుతుంది. పిల్లల దగ్గరకి చేరాలనుకునే చెడ్డవాళ్లకి ఇలాంటి పని తేలిక దారి. అందుకే పోలీస్ వెరిఫికేషన్, గుర్తింపు కార్డు కాపీ, ఆ మనిషిని ఐదేళ్లుగా తెలిసిన ఇద్దరి మాట, ఈ మూడూ ఎంత పెద్దమనిషికైనా తప్పకూడదు. సర్పంచి బావమరిదైనా సరే. ఆడపిల్లలకి ఆడవాళ్లనే పెట్టండి.

మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు చాలా చెబుతాయి. ఒకటి: 'పిల్లాడు మూడు వారాలు మీతో ఒక్క ముక్క మాట్లాడకపోతే ఏం చేస్తారు?' 'అడిగి అడిగి చెప్పిస్తాను' అనేవాళ్లకి ఇంకా శిక్షణ కావాలి. 'పక్కన కూర్చుంటాను, ఏదో ఆడతాం' అనేవాళ్లు పనికొస్తారు. రెండు: 'వచ్చే ఏప్రిల్ దాకా ఊళ్లో ఉంటారా?' బదిలీ వచ్చేలా ఉన్నవాళ్లనీ, పరీక్షలకి చదువుతూ ఎప్పుడు వెళ్లిపోతారో తెలియని కుర్రాళ్లనీ జోడీ కట్టకుండా వేరే పని ఇవ్వండి.

మొహమాటం లేకుండా వద్దనాల్సినవాళ్లు కొందరున్నారు: ఫోటోల కోసం వచ్చేవాళ్లు, మతమో పార్టీయో చెప్పడానికి వచ్చేవాళ్లు, తమ కులం పిల్లలే కావాలనేవాళ్లు, సొంత ట్యూషన్ సెంటరుకి పిల్లల్ని తీసుకుపోయే ఆలోచన ఉన్నవాళ్లు.

ఎంచుకున్నాక ఒక పూట, నాలుగైదు గంటలు, శిక్షణ ఇవ్వండి. సగం టైము వినడం మీద పెట్టండి: ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు పిల్లాడిలా ముభావంగా ఉంటే ఇంకొకరు సలహా ఇవ్వకుండా పది నిమిషాలు గడపాలి. పెద్దవాళ్లకి ఇది చాలా కష్టం. మూడో నిమిషంలోనే 'చూడు నాన్నా, జీవితంలో పైకి రావాలంటే' అని మొదలవుతుంది.

నాలుగో అడుగు: చోటు, టైము

నలుగురికీ కనపడే చోటే కూర్చోవాలి. వరండా, తలుపు తీసి ఉన్న లైబ్రరీ గది, వేపచెట్టు కింద అరుగు. మాటలు వినపడనంత దూరం, మనుషులు కనపడేంత దగ్గర. తలుపు మూసిన గది, మెంటర్ ఇల్లు, బండి మీద దించడం, రాత్రిళ్లు ఫోన్ మెసేజీలు, ఇవేవీ కుదరవని కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.

వారానికి 45 నిమిషాలు. గేమ్స్ పీరియడ్ తీసుకోవద్దు. ఆ పిల్లాడు బడికి వచ్చేదే కబడ్డీ కోసం అయి ఉండొచ్చు. లెక్కల పీరియడ్ కూడా వద్దు, వెనకబడిన చోటే ఇంకా వెనకబడతాడు. సాయంత్రం చివరి పీరియడో, స్టడీ అవరో హెచ్‌ఎంతో మాట్లాడి ఖాయం చేసుకోండి. మొదటి రెండు నెలలు పిల్ల మామూలుగా బడికి వచ్చే రోజునే పెట్టండి. చనువు ఏర్పడ్డాక, ఎక్కువగా మానేసే రోజుకి మార్చండి. సోమవారం మానేసే పిల్లకి సోమవారమే తన మనిషి వస్తుందని తెలిస్తే, చాలామంది ఆ రోజు కూడా వస్తారు. మొదటి వారమే సోమవారం పెడితే మీరు ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుంది.

ఐదో అడుగు: మొదటి కలయిక

క్లాస్ టీచర్ పరిచయం చేసి వెళ్లిపోవాలి. ఇరవై నిమిషాలు చాలు. నోట్‌బుక్, పెన్ను బయటకి తీయొద్దు. 'మీ నాన్న ఏం చేస్తాడు?' అన్నది మన ఊళ్లలో అలవాటుగా వచ్చే మొదటి ప్రశ్న. దాన్ని ఆపుకోండి. అందులో కులం ఉంది, అప్పు ఉంది, తాగుడు ఉంది, కొన్నిసార్లు చనిపోయిన తండ్రి ఉన్నాడు. 'పోయినసారి ఎన్ని మార్కులొచ్చాయి?' కూడా అంతే.

చేతులకి పని ఉంటే నోరు తనంతట తనే తెరుచుకుంటుంది. క్యారమ్ బోర్డు, నాలుగు గవ్వలూ చాక్‌పీసూ ఉంటే అష్టాచమ్మా, చింతగింజలుంటే వామనగుంటలు. ఆట రాకపోతే ఇంకా మంచిది, పిల్ల మీకు నేర్పుతుంది. వెళ్లేముందు ఇలా చెప్పండి: 'నా పేరు ఫలానా. ప్రతి బుధవారం మూడున్నరకి వస్తాను. రాలేకపోతే ముందు రోజే మీ సార్‌కి చెబుతాను. నువ్వు చెప్పినవి ఊళ్లో ఎవరికీ చెప్పను. కానీ నిన్నెవరైనా కొడుతున్నా, ఇబ్బంది పెడుతున్నా, నీకు ప్రమాదం ఉందనిపించినా మాత్రం నీకు సాయం చేయగలిగినవాళ్లకి చెబుతాను.' చివరి వాక్యం మొదటి రోజే చెప్పాలి. తర్వాత చెబితే మోసం చేసినట్టుంటుంది.

ఆరో అడుగు: ప్రతి వారం ఏం చేయాలి

పది నిమిషాలు ఆట, కబుర్లు. ఇరవై నిమిషాలు ఏదో ఒక పని. పది నిమిషాలు ఆ వారం ఎదురైన ఒక చిక్కు గురించి: రికార్డు రాయలేదు, సైకిల్ పంక్చరు, ఫలానా వాడు వెక్కిరిస్తున్నాడు. చివరి ఐదు నిమిషాలు వచ్చే వారం తేదీ గట్టిగా చెప్పుకుని ముగించడం.

ఆ ఇరవై నిమిషాల పని చదవడమే అయితే, ముందు ఎక్కడున్నారో తెలుసుకోండి. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడే పద్ధతి దీనికి సరిపోతుంది: అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మొదలు. ఎనిమిదో తరగతి పిల్లాడు గుణింతాల దగ్గర ఆగిపోవడం అరుదేమీ కాదు. వాడు దాన్ని ఏళ్ల తరబడి దాచుకుని ఉంటాడు. రెండో తరగతి వాచకం చేతిలో పెడితే స్నేహితుల కంటపడుతుందన్న భయంతో మళ్లీ రాడు. దినపత్రిక సినిమా పేజీ, క్రికెట్ స్కోరు, బస్సు బోర్డులు, విత్తనాల ప్యాకెట్ మీద రాత, వీటితో అదే పాఠం చెప్పొచ్చు. వత్తులున్న మాటలు వారానికి ఐదు చాలు. లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం, ఈ రెండూ వస్తే మిగతావి క్లాసులో అందుకుంటారు.

మెంటర్ దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండాలి. తేదీ, వచ్చారా లేదా, ఏం చేశారు, వచ్చేసారి ఏం చేయాలి, నాలుగే గీతలు. ఇంటి గుట్టు అందులో రాయొద్దు, అది ఎక్కడో బెంచీ మీద మరిచిపోతారు. ప్రతి వారం వెళ్లేముందు క్లాస్ టీచరుతో ఐదు నిమిషాలు నిలబడి ఆ వారం హాజరు చూడండి. మార్కులకంటే ముందు కదిలేది హాజరే. నెలకి ఎనిమిది రోజులు మానేసే పిల్ల ఐదుకి వస్తే పని జరుగుతోందని అర్థం.

పిల్ల రాని రోజున

దాదాపు ప్రతి జోడీలో ఐదారు వారాల తర్వాత ఒకసారి పిల్ల కావాలనే రాదు. దూరం నుంచి చూస్తుంది. మీరు వెళ్లిపోతారా, ఉంటారా అన్నదే పరీక్ష. ఆ 45 నిమిషాలూ అక్కడే కూర్చోండి. వచ్చే వారం 'ఎందుకు రాలేదు?' అని నిలదీయకుండా, 'పోయిన బుధవారం నీకోసం చూశాను' అని మాత్రం అనండి.

బడికే రాకపోతే అదే రోజు క్లాస్ టీచర్ ఫోన్ చేయాలి. వరుసగా మూడు రోజులు దాటితే టీచరూ మెంటరూ కలిసి ఇంటికి వెళ్లాలి, మెంటర్ ఒక్కరే వెళ్లకూడదు. పొద్దున్నే పనుల్లోకి వెళ్లకముందో, సాయంత్రం దీపాలు పెట్టే వేళో వెళ్లండి. వీధిలో నిలబడి గట్టిగా అడగొద్దు. 'ఏమ్మా, పాప మూడు రోజులుగా కనపడలేదు, ఒంట్లో బాగుందా?' అన్నదే మొదటి మాట. పేదవాళ్లకి చదువు విలువ తెలియదన్న మాట నమ్మకండి. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, 1990ల మొదటి నుంచి పనికి పోయే పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల ద్వారా, అంటే కొన్నాళ్లు విడిగా చదివించి తమ వయసు తరగతికి సిద్ధం చేసే శిబిరాల ద్వారా, బడికి తెచ్చింది. పిల్లల్ని చదివించాలన్న కోరిక పేద తల్లిదండ్రులకు బలంగా ఉంటుందన్న నమ్మకం మీదే ఆ పని నడిచింది. అడ్డంగా ఉండేవి సర్టిఫికెట్, ఆధార్‌లో పేరు తేడా, ఫీజు తేదీ, చంటిబిడ్డని చూసేవాళ్లు లేకపోవడం లాంటివి. వాటిలో ఒక చిక్కు విప్పి చూపిస్తే ఆ ఇల్లు మీ మాట వింటుంది.

వలస ఊళ్లలో ముందే జాగ్రత్త పడాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పత్తికీ మిరపకీ గుంటూరు వైపు, పాలమూరు నుంచి పట్నాలకీ ఇటుక బట్టీలకీ కుటుంబాలు కదిలే ముందే, సెప్టెంబరులోనే, 'ఈసారి పాపని ఎవరి దగ్గర ఉంచుతారు?' అని అడగండి. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ ఆ ఊళ్లో ఉంటుందా అని ఎంఈఓ ఆఫీసులో కనుక్కోండి. ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందేమో చూడండి. ఎక్కువ రోజులు రాలేదని పేరు కొట్టేస్తుంటే అడ్డుపడండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.

దాచకూడని మాటలు

పిల్ల ఏదైనా లైంగిక వేధింపు గురించి చెబితే, లేదా అలాంటిది జరుగుతోందని మీకు గట్టిగా అనిపిస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పరువు పోతుందనో, ఊళ్లోనే సర్దుబాటు చేద్దామనో ఎవరైనా అంటే, ఒప్పుకోవడానికి మీకు హక్కు లేదు.

ఆ క్షణంలో ఇలా చేయండి. మొహంలో భయం కనపడనీయకండి. 'నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు' అనండి. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎలా అని తవ్వకండి, అది అడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు. పిల్ల వెళ్లాక ఆమె వాడిన మాటల్నే, మీ భాషలోకి మార్చకుండా, తేదీ వేసి రాయండి. అదే రోజు హెచ్‌ఎంకి చెప్పండి. ఆరోపణ బడిలోనివాళ్ల మీదే అయితే, లేదా అక్కడ తొక్కిపెడుతున్నారనిపిస్తే, నేరుగా పోలీసులకీ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కీ చెప్పండి. 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. బాల్యవివాహం మాట వినపడినా అదే నంబరు. పెళ్లి రోజు దాకా ఆగొద్దు, లగ్గం పెట్టుకోక ముందే చెబితే ఆపడం తేలిక. చనిపోవాలని ఉందని పిల్ల అంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. బడిలోని పెద్దవాళ్లని పిలిపించండి, ఇంటివాళ్ల చేతికి అప్పగించేదాకా ఉండండి. మానసిక సాయానికి టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

డబ్బు, బహుమతులు

పుట్టినరోజుకి బట్టలు, ఫోన్ రీచార్జి, పండక్కి ఐదొందలు, ఏవీ ఇవ్వొద్దు. ఇచ్చిన రోజు నుంచి పిల్ల మీకు రుణపడినట్టు మాట్లాడుతుంది, నిజం చెప్పడం తగ్గుతుంది, పక్క జోడీలో పోలిక మొదలవుతుంది. చెప్పులు లేవు, కళ్లద్దాలు కావాలి లాంటి నిజమైన అవసరం కనపడితే సమన్వయకర్తకి చెప్పండి. బడి ద్వారా, ఇచ్చింది ఎవరో తెలియకుండా అందాలి.

జోడీ ఎందుకు చెడుతుంది

మెంటర్ రెండు వారాలు వరుసగా చెప్పకుండా మానేస్తే సాధారణంగా అతుకుపడదు. పిల్ల చెప్పింది స్టాఫ్ రూములో మాట్లాడితే అసలు పడదు. ఆ మాట టీచర్ నోట క్లాసులో బయటపడుతుంది. ఇంటర్ ర్యాంకు వచ్చిన మీ అబ్బాయితో పోల్చడం, ప్రతి కబురునీ నీతిగా మార్చడం, పిల్ల మీద తప్పు కనపడగానే టీచరు పక్షాన చేరిపోవడం, ఇవి మెల్లగా చంపేవి. డిసెంబరులో సమన్వయకర్త ప్రతి పిల్లతోనూ విడిగా ఒకే ప్రశ్న వేయాలి: 'వచ్చే వారం వాళ్లు రాకపోతే నీకెలా ఉంటుంది?' భుజాలెగరేస్తే జోడీ మార్చే ఆలోచన చేయండి. మారిస్తే పాత మెంటరే వచ్చి కొత్తవాళ్లని పరిచయం చేయాలి.

ఏడాది చివర

వేసవి సెలవులకి నాలుగు వారాల ముందే ఆఖరి రోజు ఎప్పుడో చెప్పండి. వచ్చే ఏడాది రాగలిగితే 'జూన్‌లో బడి తెరిచాక మొదటి బుధవారం' అని చెప్పండి. రాలేకపోతే అదీ చెప్పండి, 'చూద్దాం' అనొద్దు.

పదో తరగతి పిల్లల విషయంలో పని పరీక్షలతో అయిపోదు. ఫలితాలొచ్చిన రోజు ఉదయం మెంటర్ బడిలో ఉండాలి. పాసైనవాళ్లకి ఇంటర్, ఐటీఐ, పాలిసెట్ రాసి ఉంటే పాలిటెక్నిక్, ఏది ఎక్కడ దొరుకుతుందో, ఏ సర్టిఫికెట్లు కావాలో ఒక కాగితం మీద రాసివ్వండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకి అప్పుడే దరఖాస్తు పెట్టించండి, చివరి వారంలో దొరకవు. ఫెయిలైన పిల్ల ఆ రోజు ఇంటి నుంచి బయటకి రాదు. టీచరుతో కలిసి మీరే వెళ్లండి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఫలితాల వెంటనే, కొద్ది రోజులే ఉంటుంది. ఆ తేదీ తెలియకే చాలామంది ఒక సబ్జెక్టుతో ఆగిపోయి పనుల్లోకి వెళ్లిపోతారు. ఫీజు కట్టించి, రసీదు చేతికిచ్చి, మిగిలిన వారాల్లో ఏ రోజు ఏ పాఠం చదవాలో అక్కడే కూర్చుని రాయండి. సప్లిమెంటరీ కూడా పోతే ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కుని ఆ తేదీ కూడా వాళ్ల గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టి రండి.